బోర్లించిన గ్లాసు

మా ఫారసీ మాస్టారు పోయారు. మొన్న మొదటి షిఫ్టు దిగి సైకిల్ తీస్తుంటే కేంటీనాయన "భయ్యా, మీ ఫారసీ మాస్టర్ నహీ రహే" అన్నాడు. నాకు బాధ కంటే ముందు సిగ్గేసింది.

ఆయన రైల్వేలో గార్డుగా రిటైరై, మా ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ 7లో కొడుకు క్వార్టర్లో ఉండేవారు. వాళ్ళది విజయనగరం వైపు ముస్లిం కుటుంబం. ఫారసీ తండ్రి దగ్గర నేర్చుకున్నారట. మా రోలింగ్ మిల్లు నుంచి కొందరిని ఇరాన్ పనికి పంపుతారని మాట పుట్టగానే మేం నలుగురం ఆయన వరండాలో వాలాం.

రోజూ ఒకటే పాఠం. నిన్న ఏం చేశామో ఫారసీలో చెప్పాలి. తెలుగులోలా లేచి, తిని, వెళ్ళి అంటూ ఒక్క ఊపున లాగించేస్తే ఊరుకోరు. ఏ పనికా పని విడిగా ముగించాలి. రెండు పనుల్లో ముందే అయిపోయినదానికి వేరే రూపం. అది మా బుర్రలకెక్కక పిట్టగోడ మీద టీ గ్లాసులు పెట్టేవారు. నిలబెట్టినది 'రసీదమ్', నేను చేరుకున్నాను. పక్కన బోర్లించినది 'రఫ్తే బూద్', బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. బోర్లించిందే ముందు జరిగినది. తడబడితే "ముందేటి, యెనకేటి? అది తేల్చు" అనేవారు. వరస తప్పితే అబద్ధమాడినంత కోపం.

ఇరాన్ పని రద్దయింది. ఆ వారమే మేం మానేశాం. ఒక్కరమైనా వెళ్ళి చెప్పలేదు. కొన్నాళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చి మాట ముద్దయిపోయింది. చూడబోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఖబరస్తాన్‌లో మట్టిచ్చి వాళ్ళింటికి తిరిగొచ్చాక పక్కింటాయన అందరితో అంటున్నాడు, మాస్టారికి మాట పడిపోయింది గనకే పాపం వీళ్ళు చదువు ఆపారని. నేను తలూపాను. ఇంతకంటే నీచం ఉంటుందా?

మాస్టారి భార్య టీ ఇచ్చినప్పుడు ఉండబట్టలేక చెప్పేశాను, ఆయనకి జబ్బు చెయ్యకముందే మేం మానేశామని.

"తెలుసు బాబూ. అడిగినోళ్ళందరికీ ఆయనే అలగ సెప్పినారు. మాట తిరక్కపోయినా సెప్పినారు. నిజం తెలిస్తే పిల్లలు సిన్నబోతారన్నారు."

వరస తప్పితే ఒప్పుకోని మనిషి, మా పరువు కోసం తనే తిరగేసి చెప్పారు.

ఆ టీ ఎలా తాగానో తెలీదు. ఆయన గ్లాసు ఏదని అడిగితే ఆవిడ లోపల్నించి తెచ్చిచ్చింది. నా గ్లాసు పిట్టగోడ మీద బోర్లించాను. దాని పక్కన ఆయన గ్లాసు నిలబెట్టి, ముందేదో వెనకేదో తేల్చి వచ్చేశాను.