గోడ మీద సగం వాక్యం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ల వయసులో, ఒక ఆదివారం ఆరాధన మధ్యలో మా మందిరానికి కొత్తగా వచ్చిన పాస్టరు "బైబిళ్లు మూసి నా ముఖం చూడండి" అన్నాడు. పేజీలు తిప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. నాకు భయమేసింది. నిజానికి అది భయపడాల్సిన మాటేమీ కాదు. ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాటతో మందిరంలోని పెద్దవాళ్లంతా ఒక్కసారిగా పిల్లలైపోయినట్టు, ఆయన ఒక్కడే పెద్దమనిషిగా మిగిలినట్టు నాకు అనిపించింది. నన్ను కన్న మా అవ్వ కూడా బైబిల్ మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆమెను చూసి నేనూ మూశాను.

మాది శ్రీరాంపూర్. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. మా క్వార్టర్ల వరసలో ఎవరిదీ పుట్టిన ఊరు అది కాదు. చొప్పదండి దిక్కు నుంచి వచ్చినవాళ్లు, ఆదిలాబాద్ అవతలి సరిహద్దు నుంచి వచ్చినవాళ్లు, ఎక్కడెక్కడివాళ్లో బాయిపని కోసం అక్కడ చేరారు. అలాంటి చోట రేకుల కప్పు వేసిన ఆ చిన్న మందిరమే మాకు చుట్టాలిల్లు. జ్వరమొస్తే గంజి తెచ్చేది మందిరంవాళ్లే. కానుపైతే పక్కన కూర్చునేదీ వాళ్లే.

అంతకుముందున్న ముసలి పాస్టరుది బొంగురు గొంతు. ఆయన ప్రసంగంలో సగంమంది కునికేవారు, ఈ మాట దాచాల్సిన పని లేదు. కానీ ఆయనకు ఒక అలవాటు ఉండేది. వాక్యం ఎక్కడుందో చెప్పి, పేజీల చప్పుడు ఆగేదాకా మాట్లాడకుండా నిలబడేవాడు. ముందుగా వాక్యం దొరికినవాళ్లు లేచి పైకి చదవాలి. చదివిన దాని గురించే ఆయన చెప్పేవాడు, దాన్ని దాటి పోయేవాడు కాదు. ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే "నాకు తెల్వది, చూసి వచ్చే ఆదివారం జెప్త" అనేవాడు. మందిరం పనులు నలుగురు పెద్దలతో కూర్చుని మాట్లాడేవాడు. పిల్లల్లో అందరికంటే ముందు వాక్యం వెతికేది నేనే కాబట్టి ఆయన నన్ను చాలాసార్లు లేపేవాడు.

ఆయన వయసు పైబడి తన సొంతూరికి వెళ్లిపోయాక ఈయన వచ్చాడు. గొంతు గంటలా ఉండేది. మైకు తెచ్చాడు, కీబోర్డు తెచ్చాడు. మందిరం నిండిపోయింది. మేమంతా సంబరపడ్డాం. ఆ తప్పు మా అందరిదీ. మొదట, చదివే అలవాటు పోయింది. మధ్యలో చదివితే ఆత్మ ప్రవాహం ఆగిపోతుందన్నాడు. తర్వాత పెద్దల మీటింగు పోయింది. దేవుడే తనతో మాట్లాడుతున్నప్పుడు నలుగురితో మాట్లాడే అవసరమేమిటన్నాడు. ఆ తర్వాత, తన వెనక గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం రాయించాడు. దేవుడు అభిషేకించినవాళ్ల జోలికి పోవద్దు, దేవుని ప్రవక్తలకు కీడు చేయవద్దు అని దాని సారం. దాని కింద కీర్తన, వచనం నంబర్లు చిన్నగా ఉండేవి. ప్రతి ఆదివారం మాతో దాన్ని ముక్తకంఠంతో చెప్పించేవాడు. ఎదురుగా గోడ మీదే ఉంది కాబట్టి ఎవరూ బైబిల్ తెరిచి చూడలేదు. చదువు వచ్చిన ప్రతి ఒక్కరం అదే తప్పు చేశాం.

మా బాపు తల్లి, మా బాపమ్మకు చదువు రాదు. రోజూ సాయంత్రం నాతో బైబిల్ చదివించుకునేది. నాకేమో ఇష్టమైన చోట తెరిచి చదవాలని ఉండేది. ఆమె ఒప్పుకునేది కాదు. "నడుమల కెల్లి పోయి సినిమా జూస్తరా ఎవలన్న? మొదటికెల్లి సదువు" అనేది. నంబర్లు ఆమెకు గుర్తుండవు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో మాత్రం, ఇంటి ముందు గల్లీ గుర్తున్నట్టు గుర్తుండేది.

మా పక్కింటి అక్క ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది. ఆమెది ఆదిలాబాద్ అవతల మారుమూల పల్లె. క్రైస్తవుణ్ని పెళ్లి చేసుకుని ఈ మార్గంలోకి వచ్చిందని పుట్టింటివాళ్లు ఆమెను వదులుకున్నారు. అప్పటికి ఆమెకు తొమ్మిదో నెల. ఆ నెలలోనే పాస్టరు, తన దీవెన లేకుండా మొదలుపెట్టిన ఏ పనీ నిలవదని, పెళ్లయినా కానుపైనా అంతేనని ప్రసంగించాడు. మర్నాడు నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ అక్క ఇద్దరు ఆడవాళ్లతో "గా ముచ్చట బైబిల్ల నాకైతె ఏడ కనవడలే" అన్నది. అంతే. చీకటి పడేలోపు ఆ మాట ఆయన చెవిలో పడింది.

తర్వాతి ఆదివారం ఆయన అక్కను పేరు పెట్టి పిలిచి ముందుకు రమ్మన్నాడు. ఆమె భర్త ఆ పూట బాయి డ్యూటీలో ఉన్నాడు. నిండు కడుపుతో ఉన్న మనిషిని, అందరి ముందు మోకాళ్ల మీద నిలబడి క్షమాపణ అడగమన్నాడు. అడగకపోతే ఆ ఇంటి గడప ఎవరూ తొక్కకూడదు. కానుపుకు ఎవరూ వెళ్లకూడదు. వెళ్లినవాళ్లకూ అదే శిక్ష. ఆయన గొంతు పెంచలేదు, మందు చీటీ చదువుతున్నట్టు చెప్పాడు. అది నాకు ఇప్పటికీ అసహ్యం.

అక్క నేల వైపు చూస్తూ నిలబడింది. నూరుమందిలో ఒక్కరు నోరు విప్పలేదు. మా అవ్వ తలదించుకుంది. ఎప్పుడూ కలిసి కూరగాయలు తరుక్కునే మనిషి కోసం కూడా ఆమె తలెత్తలేదు. నేను ఇద్దరు పిల్లల తల్లినయ్యాను గానీ, ఆ దించిన తలను ఇప్పటికీ పూర్తిగా మన్నించలేకపోతున్నాను.

ఆయన గోడ వైపు చేయి చూపించాడు. అందరూ అలవాటుగా గోడ మీది మాటలు చెప్పారు. చెప్పడం అయిపోయాక, ముందు వరసలో చాప మీద కూర్చున్న మా బాపమ్మ గొంతు వినిపించింది.

"అయ్యా, నాకు అచ్చరం ముక్క రాదు. అందరు సదువుతుంటె నేనొక్కదాన్నే గుడ్డిదాని లెక్క కూసుంటున్న. జర మా పిల్లతోని సదివియ్యుండ్రి, ఇని సిగ్గు తెచ్చుకుంటం."

ఆమె తన పక్షాన మాట్లాడుతోందని పాస్టరు అనుకున్నాడు. ముఖం వెలిగింది. "మంచి మాట తల్లీ. చదువమ్మా" అన్నాడు నాతో.

నేను లేచి గోడ వైపు చూశాను. బాపమ్మ నా లంగా అంచు పట్టి లాగింది. "గోడ మీదిది గాదు బిడ్డా. పుస్తకంలది. మొదటికెల్లి."

గోడ మీది నంబర్లు చూసి కీర్తనల్లో ఆ అధ్యాయం తీశాను. మొదటి నుంచి చదివాను. పొగడ్తలున్నాయి, పాత ఒప్పందం గురించి ఉంది. పాస్టరు రెండుసార్లు "చాలు" అన్నాడు. బాపమ్మ నా అంచు వదల్లేదు కాబట్టి ఆగలేదు. తర్వాత ఆ వరసలు వచ్చాయి. దేవుడు ఎవరితో ఆ ఒప్పందం చేసుకున్నాడో వాళ్లు అప్పటికి లెక్కపెట్టగలిగినంత కొద్దిమంది, ఆ దేశంలో పరాయివాళ్లు, ఒక జనం దగ్గరి నుంచి ఇంకో జనం దగ్గరికి తిరుగుతూ బతికారు. వాళ్లకు ఎవరూ అన్యాయం చేయకుండా దేవుడు కాపాడాడు. వాళ్ల కోసం రాజులను గద్దించాడు. ఆ గద్దింపే గోడ మీద ఉన్న మాట.

"రాజులకు జెప్పిండా బిడ్డా?" అంది బాపమ్మ.

"అవు బాపమ్మా."

"ఊరు లేనోళ్లను ముట్టద్దనా?"

"అవు."

ఆమె పాస్టరు వైపు చూడలేదు, అక్క వైపు చూసింది. "మరి గీ మందిరంల రాజు ఎవలు, ఊరు లేని పిల్ల ఎవలు, అయ్యా? నాకు తెల్వక అడుగుతున్న."

వెనక వరసలో ఎవరో దగ్గారు. పాస్టరు మైకు మూతికి దగ్గరగా పెట్టుకుని, "సాతాను ముసలివాళ్ల నోటితో కూడా మాట్లాడతాడు, జాగ్రత్త" అన్నాడు.

"అట్లనా," అంది బాపమ్మ. "అయితె గా సాతానుకు మోకాళ్ల నొప్పులు సుత ఉన్నయ్. జర లేపు బిడ్డా."

నా భుజం పట్టుకుని లేచింది. నెమ్మదిగా ముందుకు నడిచి అక్క చేయి పట్టుకుంది. ఇద్దరూ తలుపు వైపు నడిచారు. ఐదుగురు ఆడవాళ్లు లేచి వాళ్ల వెనక వెళ్లారు. ఆఖరున మా అవ్వ లేచింది. నేను మాత్రం పుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నాను. పాత పెద్దల్లో ఒకాయన, ఎప్పుడూ మాట్లాడని మనిషి, "గా నాలుగు వరసలు ఇంకోపాలి సదువు బిడ్డా" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాను. పాస్టరు కీబోర్డు వాయించమని సైగ చేశాడు. ఆ మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. అయినా నాలుగు వరసలూ చదివాకే బయటికి వచ్చాను.

ఇంటికి వెళ్తుంటే, గోడ మీది మాటకు ముందు ఏముందో ఆమెకెలా తెలుసని బాపమ్మను అడిగాను. "నంబర్లు యాదుండయి గద బిడ్డా. ముందుగాల ఏమొచ్చిందో ఇంటేనే నాకు యాదుంటది" అంది. కొంచెం దూరం నడిచాక, నన్ను కాక తనను తాను అడుగుతున్నట్టు, "పుస్తకం మూయమన్న నాడే లేవకపోతిని, గీ పిల్ల మెడ మీదికి వచ్చేదాక ఎందుకు కూసున్న?" అంది. పాస్టరును ఆమె ఒక్క మాట అనలేదు. ఆ పని నేను ఇన్నేళ్లుగా చేస్తున్నాను.

ఆ రోజు తర్వాత అందరూ మారిపోయి ఆయన్ను తరిమేశారని రాయాలని ఉంది. అలా జరగలేదు. ఆయన ఇంకా మూడేళ్లు అక్కడే ఉన్నాడు. మా ఇంటిని శపితమైన ఇల్లన్నాడు. నాతో ఆడుకునే పిల్లలు రావడం మానేశారు. గోడ మీది అక్షరాలను ఇంకాస్త పెద్దగా రాయించాడు. తర్వాత ఇంతకంటే పెద్ద ఊరికి, పెద్ద మందిరానికి వెళ్లాడు. ఆ ఆదివారం తర్వాత నాలుగో రోజున అక్కకు ఆడపిల్ల పుట్టింది. బాపమ్మ, మా అవ్వ, ఇంకో ఇద్దరు పక్కన ఉన్నారు. మందిరంలో కూర్చుండిపోయిన ఆడవాళ్లలో కొందరు ఎవరూ చూడకుండా వెనక గల్లీ నుంచి వచ్చి పాత చీరలు, నెయ్యి ఇచ్చి వెళ్లారు. వాళ్లను మంచివాళ్లనాలో పిరికివాళ్లనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మంచి గొంతు వింటే నాకు ఈ రోజుకీ అనుమానమే. మైకు ముందు నిలబడి కళ్లు మూసుకుని, దేవుడు ఇప్పుడే తన చెవిలో చెప్పాడనే మనిషిని చూస్తే ఒళ్లు మండుతుంది. ప్రసంగించేవాడు పుస్తకం కింద నిలబడాలి, మాలాగే. తను చెప్పింది సరిచూసుకునే దారి అందరికీ తెరిచి ఉంచాలి. ఆ బొంగురు గొంతు ముసలాయన సంఘాన్ని నడిపింది అలాగే. పేజీల చప్పుడు ఆగేదాకా ఆయన నిలబడడం ఓపిక అనుకునేదాన్ని. అది మా అందరికీ ఆయన ఇచ్చిన అధికారం అని పెద్దయ్యాక అర్థమైంది. ఒక్క నవ్వుకు, ఒక్క మైకుకు మేము దాన్ని వదిలేసుకున్నాం.

ఇప్పుడు మేము కరీంనగర్‌లో ఉంటున్నాం. మొన్న ఆదివారం పిల్లల క్లాసు నుంచి ఎనిమిదేళ్ల మా బాబు ఒక చాక్లెట్ చప్పరిస్తూ వచ్చాడు. ఎందుకిచ్చారంటే, కొత్త పాఠం అందరికంటే ముందు అప్పజెప్పాడట. పాఠమేమిటంటే, పాస్టరు అయ్యగారి మాట దేవుని మాట, ఎదురు అడిగితే పాపం. ఐదేళ్ల పాప కూడా వాడి వెనకే వచ్చీరాని మాటలతో అదే చెప్పింది. మా ఆయన, "పోరగాండ్ల ముచ్చట, ఊకె పరేషాన్ గాకు" అన్నాడు. ఆ రోజు మందిరంలో వేసిన భయమే మళ్లీ వేసింది. ఈసారి నేను తలదించుకునే తల్లిని కాకూడదు. ఆ గాభరా తెల్లవారేదాకా పోలేదు.

పొద్దున బ్రష్షులు పట్టుకుని నిలబడిన ఇద్దరినీ దగ్గరికి పిలిచాను. "దేవుడన్నడని ఎవలన్న జెప్తె, ఏడ అన్నడో చూపియ్యమనుండ్రి. చూపిస్తె గా పేజీ మొత్తం సదువుండ్రి. కోపానికొస్తె లేచి రాండ్రి, నేను బయటనే ఉంట. నేను జెప్పినా గట్లనే అడుగుండ్రి" అన్నాను.

వాడు చేతిలోని బ్రష్షును చూసుకున్నాడు. "మరి పొద్దుగాల లేవంగనే పండ్లు తోమాలని దేవుడు ఏడ జెప్పిండు?"

"దేవుడు జెప్పలే," అన్నాను. "గది నేను జెప్తున్న. నా మాటకు దేవుని పేరు పెట్ట. ఇగ తోము."