ఫ్లాపీతో లేపిన కంప్యూటర్

మా కంప్యూటర్ ల్యాబ్ సార్ పోయారని మొన్న పొద్దున గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో నేను పనిచేసే బడికి అప్పుడే బయల్దేరుతున్నాను. స్కూటీ తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. వనపర్తి కాలేజీలో ఆయన కింద ఆరేళ్లు పనిచేశాను. నాకొచ్చిన పనిలో సగం ఆయన నేర్పింది, మిగతా సగం ఆయన చూడనప్పుడు చెడగొట్టి నేర్చుకున్నది.

రాజోలి మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవర్ ఉండేది. ఏ పాత సామానూ పారెయ్యనిచ్చేవారు కాదు. "ముసలిదైందని మూలకు నూకొద్దమ్మా. దాన్తోని ఏం పనైతదో గది చెప్పాలె" అనేవారు. ఆయన బల్ల కింద ఊడ్వలేక నేను లోలోపల సణుక్కునేదాన్ని.

ఒక ఏడు దసరా సెలవులయ్యాక ప్రిన్సిపాల్ గారికి కోపం వచ్చింది. పిల్లలు సినిమాలు చూస్తున్నారు, కంప్యూటర్లకు వైరస్‌లు పడుతున్నాయి. "ఇంటర్నెట్ గిట్లుంటే మనకొద్దు సార్. రేపు ల్యాబ్‌కు తాళమేస్త" అన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టాల్సిన ఉద్యోగాల దరఖాస్తులకు గడువు రెండు రోజులే ఉంది. ఖిల్లా ఘణపూర్ నుంచి, ఇంకా అవతలి ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలకు మా ల్యాబ్ తప్ప వేరే దిక్కు లేదు. బయటి నెట్ సెంటర్లకు పంపే ఇళ్లు కావు వాళ్లవి.

సార్ వెంటనే బల్ల కింద నుంచి అన్నిటికన్నా పాత కంప్యూటర్‌ను లాగారు. దాన్ని ఫైర్‌వాల్ చేస్తానన్నారు. అంటే ఇంటర్నెట్ వచ్చే తోవలో అది కావలి కూర్చుంటుంది. పనికొచ్చేవి రానిచ్చి, మిగతావాటిని గడప దాటనివ్వదు. ఆ సాఫ్ట్‌వేర్ సీడీలో ఉంది. చిక్కేమిటంటే, అంత పాత యంత్రానికి సీడీతో లేవడం తెలియదు. ముందు ఫ్లాపీ, అంటే సీడీలకు ముందుకాలపు చదరపు డిస్కు, పెట్టి లేపితే, అప్పుడు సీడీని చదవడం మొదలుపెడుతుంది.

ఫ్లాపీ పెట్టారు. గరగరమని ఆగిపోయింది. ఇంకోటి పెట్టారు. అదీ అంతే. "డిస్కులన్నీ పోయినట్టున్నయి సార్" అన్నాను పెద్ద తెలిసినదానిలా.

ఆయన ఫ్లాపీ డ్రైవ్ విప్పి టార్చి వేశారు. లోపలంతా కుంకుమ. దసరాకు ఆయుధపూజ చేసింది నేనే. బల్ల కిందిదాన్ని కూడా వదలకుండా, ఫ్లాపీ దూర్చే సందు మీదే పసుపూ కుంకుమా దండిగా అద్దాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆయన నవ్వారు. "నీ భక్తి జర లోపల్దాంక పోయిందమ్మా. పరేషాన్ గాకు. దవాఖానకు పోయి దూది, స్పిరిట్ అడుక్కరా."

గంటసేపు తుడిచారు. పెట్టిన ఫ్లాపీలు గీతలు పడి పాడయ్యాయి. డబ్బా అడుగున మంచిది ఒక్కటే దొరికింది. ఇది కూడా పోతే రేపు తాళమే. నా చేతికే ఇచ్చి, "నువ్వే పెట్టు" అన్నారు. తప్పు చేసిన చేతికి మళ్లీ పని అప్పజెప్పే మనిషిని నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. సందు చూసుకుని పెట్టాను. తెర మీద అక్షరాలు పడ్డాయి. సీడీ లైటు వెలిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం చాయ్ చెప్పారు.

పొద్దున ప్రిన్సిపాల్ గారు తాళం పట్టుకునే వచ్చారు. తానే కూర్చుని ఒక సినిమాల సైటు కొట్టారు. రాలేదు. ఇంకోటి కొట్టారు. రాలేదు.

"ఏంది సార్, నాక్కూడ రాదా?"

"మీక్కూడ రాదు సార్."

ప్రిన్సిపాల్ గారు తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయారు. అప్పటికే బస్సులు దిగిన ఆడపిల్లలు సర్టిఫికెట్ల కవర్లు గుండెకు హత్తుకుని వరండాలో నిలబడి ఉన్నారు. అందరినీ లోపలికి పిలిచాం. ఒకమ్మాయికి చోటు చాలకపోతే సార్ తన కుర్చీ ఇచ్చేశారు. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే నాకు అదే కనబడుతుంది. కిటికీ అవతల, చేతులు వెనక్కి కట్టుకుని, దరఖాస్తులు నింపుతున్న పిల్లల్ని చూస్తూ సార్ నిలబడి ఉన్నారు. లోపల కుర్చీ ఖాళీ లేదు.