సత్తు బండి మీద సొట్ట

గాజు పెట్టెలో ఒక చెక్క సుత్తి. దాని ముఖం మీద వేల దెబ్బల గుంటలు, పిడి మీద అరచేతి చెమటకు నల్లబారిన నునుపు, పైనుంచి చిన్న దీపం, కింద నాలుగు వరుసల ఇంగ్లీషు. పోయిన నెల హైదరాబాద్‌లో, విదేశీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఒకటి తన చరిత్రనంతా తెచ్చి పరిచిన ప్రదర్శనలో, నేలను రాసుకుంటూ పోయేటట్టుండే ఎర్రవీ పచ్చవీ కార్ల మధ్య జనం ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటే, నేను ఆ సుత్తి ముందు నిలబడిపోయాను. తొలిరోజుల్లో ఈ కార్ల రేకులన్నీ మనుషులే చెట్టుమొద్దు మీద పెట్టి, ఇలాంటి సుత్తులతో చేత్తో వంచారని అక్కడ రాసి ఉంది. నా పక్కనున్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం మా ఆర్మూరు వాసన తగిలింది, ఉడికిన పసుపూ వేడెక్కిన రేకూ కలిసిన వాసన.

నాన్నను మేము బాపు అనేవాళ్లం. ఆయన పేరు గంగారాం. ఊళ్లో ‘డ్రమ్ముల గంగారాం’ అంటే తప్ప ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టాక కొమ్ముల మీద మట్టిరంగు పొట్టు మిగులుతుంది. అది పోయి కొమ్ము మెరవాలంటే పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి, అటిద్దరు ఇటిద్దరు నిలబడి, భుజాలు పడిపోయేదాకా తిప్పాలి. ఆ డ్రమ్ములు చేసేదీ, వాటి సొట్టలు తీసేదీ మా బాపు. మాఘం వచ్చిందంటే ఆలూరు నుంచీ మెండోర నుంచీ ట్రాక్టర్ల మీద డ్రమ్ములొచ్చి మా రేకుల షెడ్డు ముందు దిగేవి, మార్కెట్ యార్డు గాలి మొత్తం పసుపై మా గోడలకూ, ఆరేసిన బట్టలకూ, వాకిట్లో పడుకున్న కుక్క వీపుకూ పట్టేది. బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ మా గోళ్లు చూసి పిల్లలందరికీ కామెర్లు సోకాయని హడలిపోయి హెడ్‌మాస్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన తన గోళ్లు కూడా చూపించి పంపించాడు.

ఆ కాలమంతా నా చెవుల్లో ఠంగు ఠంగుమనే సుత్తి చప్పుడే. తెల్లవారి జొన్నరొట్టె మీద మిరపతొక్కు వేసుకుని తింటున్నప్పుడూ అదే, మధ్యాహ్నం షెడ్డు వెనక తొక్కుడుబిల్ల ఆడుతున్నప్పుడూ అదే. వాడకట్టు పిల్లలందరూ పెంకు ముక్కలతో ఆడితే నాకు బాపు రేకును గుండ్రంగా కత్తిరించి, అంచులు మడిచి ఇచ్చిన బిల్ల ఉండేది. దాంతో గెలిస్తే అది నా గొప్ప కాదని, బిల్ల గొప్పని తగువు పెట్టుకునేవాళ్లు. మా ఇంట్లో అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వకొక పట్టింపు ఉండేది: షెడ్డులోకి బాగుచేయడానికి ఏ వస్తువు వచ్చినా, మొదటి దెబ్బ పడకముందే తడిపసుపుతో దానికో బొట్టు పెట్టాలి. చిల్లుపడిన బకెట్టుకైనా సరే. “దెబ్బలు తినవోతున్నది, జర మర్యాద చెయ్యొద్దా?” అనేది. బాపు నవ్వేవాడే గానీ, ఆమె బొట్టు పెట్టేదాకా సుత్తి ఎత్తేవాడు కాదు.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, శివరాత్రికి ముందురోజు పొద్దున ఆ ముచ్చట జరిగింది. బాగుచేసిన డ్రమ్మును రైతు ట్రాలీలోకి ఎక్కించి తాడు కట్టడం బాపు ఎవరికీ ఇచ్చే పని కాదు. ఎప్పుడూ రెండు ముళ్లు వేసేవాడు. ఆరోజు ఆ రైతుతో మాటల్లో పడి ఒకటే వేశాడు. అప్పట్లో నాగపూర్ రోడ్డు మా ఊరి నడుమ నుంచే పోయేది. ట్రాలీ యార్డు గేటు దగ్గర గుంతలో పడి ఎగిరింది, ముడి ఊడింది, డ్రమ్ము దొర్లింది. వెనకాలే మెల్లగా వస్తున్న కారు ఎడమ ముందు చక్రం పైరేకుకు డ్రమ్ము ఇరుసు పోటు పొడిచినట్టు తగిలింది.

మేము పరిగెత్తుకుంటూ పోయేసరికి జనం మూగి ఉన్నారు. అలాంటి కారును నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చాలా ఏళ్లు చూడలేదు. దానికి పైకప్పు లేదు, రంగు లేదు. ముక్కు నుంచి తోక దాకా ఒక్కటే వంపు, ఎక్కడా అతుకు కనబడకుండా, గోదావరి మీద ఎండ పడ్డట్టు మెరుస్తున్నది. “గింత మంచి బండికి రంగేసుడు మరిచిపోయిండ్రా ఏంది?” అన్నాడొక హమాలీ. ముందుకు వంగి చూసిన బాపు మాత్రం “సత్తు” అన్నాడు. మేము పాలు కాచుకునే గిన్నెల సత్తు, అల్యూమినియం. చక్రం పైన ఆ రేకు జానెడు మేర లోపలికి మడతపడి ఉంది.

కారు దిగిన పెద్దాయన అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. నెత్తి నెరిసిన మనిషి, నాగపూర్ నుంచి తానే నడుపుకుంటూ వస్తున్నాడు. జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు సొట్ట మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత హిందీలో మెల్లగా చెప్పాడు. నాలుగు రోజుల్లో హైదరాబాద్‌లో ఆ కంపెనీ చరిత్ర మీద పెద్ద ప్రదర్శన ఉంది. విదేశం నుంచి కంపెనీ మనిషి వచ్చి ప్రతి కారునూ తడిమి చూస్తాడు. మొదట కంపెనీలో వంచిన రేకే ఉండాలి. కొత్త రేకు అతికినా, సొట్టలో లప్పం నింపినా ఆ బండి వరుసలో ఉండదు. తుక్కులో దొరికిన ఈ బండిని నిలబెట్టడానికి తనకు సగం జీవితం పట్టింది. ఈ రేకు వంచిన మనుషులెవరూ ఇప్పుడు బతికి లేరు.

“ముడి తప్పింది నాది సాబ్. సొట్ట నేనే తీస్త, లప్పం పెట్టకుంట” అన్నాడు బాపు.

అన్నాడు గానీ, షెడ్డులోకి రాగానే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. బాపు భయపడటం నేను చూసింది ఆరోజే. ఆయన చేతులకు ఇనుము తెలుసు, సత్తు తెలియదు. మడతపడి గట్టిపడిన ఆ రేకును చల్లగా కొడితే చీలుతుంది, కాబట్టి వేడిచేసి మెత్తబరచాలి. ఎంత వేడి? అదే తెలియదు. తెలుసుకోవడానికి అవ్వ పాలగిన్నె తెచ్చి గ్యాస్ మంట పెట్టాడు. గిన్నె ఎర్రబడలేదు, రంగు మారలేదు, చూస్తుండగానే నడుమ కుంగి నేలమీదికి ధారగా కారి, అడుగున బొక్క మిగిలింది.

“ఇనుమైతే ఎర్రగై చెప్తది. గిది చెప్పకుంటనే కారిపోతున్నది” అన్నాడు బాపు. ఆ గొంతు విని పెద్దాయన బయటికి వెళ్లి నిలబడ్డాడు.

అవ్వ రెండో గిన్నె తెచ్చింది, మూతి ముడుచుకునే తెచ్చింది. అలవాటు కొద్దీ దానికీ ఒక బొట్టు పెట్టి ఇచ్చింది. బాపు కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని మంట తిప్పసాగాడు. ఉన్నట్టుండి అవ్వ కోపంగా అరిచింది: “నా బొట్టు మాడ్తున్నది, కండ్లు కనవడ్తలేవా!” బాపు ఉలిక్కిపడి మంట తీసేశాడు. గిన్నె చల్లారాక చూస్తే చిల్లు లేదు. బొటనవేలితో ఒత్తితే రొట్టెపిండిలా ఒదిగింది. బాపు ఆ గిన్నెను తిప్పి తిప్పి చూశాడు, మాడి నల్లబడిన బొట్టును చూశాడు, తర్వాత అవ్వను చూశాడు. ఇంకో రెండు గిన్నెలు పోయినా సరే అని మళ్లీ మళ్లీ చేసి చూశారు. పసుపు ఇటుకరంగుకు తిరిగి, నల్లబడిన ఆ క్షణంలో మంట తీస్తే చాలు, సత్తు మెత్తబడుతున్నది, కారిపోవడం లేదు.

మర్నాడు శివరాత్రి. అందరికీ ఒక్కపొద్దు. పెద్దాయన తనకూ ఉపవాసమేనన్నాడు. కారు నుంచి పెట్రోలు తీసేయించి, బ్యాటరీ ఊడదీసి, చక్రం విప్పి, కొట్టేటప్పుడు రేకుకు ఆనించడానికి బాపు పసుపు గోనెసంచిలో ఇసుక నింపి పెట్టుకున్నాడు. అవ్వ స్నానం చేసి వచ్చి, సొట్ట చుట్టూ గడపకు పెట్టినట్టు వరుసగా బొట్లు పెట్టింది. చిక్కల్లా ఏమిటంటే, నల్లద్దాల్లోంచి బాపుకు పసుపు రంగు కనబడదు. అద్దాలు లేకుండా మంట చూడలేడు. అందుకని అవ్వ ఆయన మోచేతి పక్కనే కూర్చుంది. నన్ను దూరంగా రాయి మీద కూర్చోబెట్టి, లేస్తే కాళ్లిరగ్గొడతానంది.

“ఎర్రగైతున్నది… ఇంక జర… ఆపు! గటు జరుపు!”

ఆమె చెప్పడం, ఆయన మంట తీయడం, చల్లారాక చింతకర్ర సుత్తితో కిందినుంచి రేకును మెల్లగా తట్టడం, మళ్లీ బొట్లు, మళ్లీ మంట. అది డ్రమ్ముల మీద ఠంగుమనే దెబ్బ కాదు, పసిపిల్లను జోకొట్టే దెబ్బ. ఊరంతా బాపును మొగోడంటే గంగారాం అని మెచ్చుకునేది గానీ, ఆరోజు ఆయన ప్రాణం మొత్తం అవ్వ కళ్లలో ఉందని నాకు అంత చిన్నదాన్నైనా తెలిసింది. మధ్యలో ఒకసారి ఆమె కంట్లో చెమట పడి రెప్ప మూసింది. “ఆపు!” అనడం ఒక్క క్షణం ఆలస్యమైంది. బాపు మంట తీసి, చల్లారాక వేలి గోరుతో రేకు తట్టి చూశాడు. నిలిచింది. ఆమె ఏడ్చింది. ఆయన తన తువ్వాలతో ఆమె ముఖం తుడిచాడు. నేను వాళ్లను అలా చూడటం అదే మొదటిసారి, సిగ్గేసి తల తిప్పుకున్నాను.

పొద్దుగూకే వేళకు మడత పోయింది. ఉడకబెట్టిన కందగడ్డలు, బెల్లం, ఖర్జూరాలు పళ్లెంలో పెట్టి ఇస్తే పెద్దాయన మా గడప మీదే కూర్చుని తిన్నాడు. తర్వాతి రోజంతా మెరుగు పెట్టడమే. ఆయన దగ్గరున్న మెరుగు మందు, బాపు పాత ధోతి గుడ్డలు, డ్రమ్ము తిప్పడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ల చేతులు. కొమ్ముకు మెరుపు తేవడం తెలిసిన చేతులవి. రుద్దేకొద్దీ ఆకాశం అందులోకి దిగింది.

ప్రదర్శన రోజు మేము ముగ్గురం బస్సెక్కి హైదరాబాద్ పోయాం, పెద్దాయనే రమ్మన్నాడు. నేను చూసినంత అందాన్ని ఒక్క చోట మళ్లీ చూడలేదు. ఒక్కో కారూ ఒక్కో వంపు, ఒకదాని అద్దం కనురెప్పంత పలచన, ఇంకొకదాని తోక చేప తోకే. అవి యంత్రాలని కాదు, ఎవరో కూర్చుని ఒక్కొక్క దాన్నీ ముద్దుచేసి పెంచారని అనిపించింది. కంపెనీ మనిషి తెల్లతోలు ముసలాయన, కళ్లు మూసుకుని అరచేత్తో ఒక్కొక్క కారునూ తడుముతూ వస్తున్నాడు. మా కారు దగ్గరికొచ్చాడు. ఆయన చెయ్యి కుడి చక్రం మీదుగా పోయింది, ఎడమ చక్రం మీదుగా పోయింది, వెనక్కి వచ్చింది, ఆగలేదు. తలూపి పక్క కారుకు జరిగాడు.

అప్పుడు పెద్దాయన ఉండబట్టలేక బాపును తాడు దాటించి లోపలికి లాక్కెళ్లి, జరిగిందంతా చెప్పాడు. ముసలాయన నమ్మలేదు. ఎక్కడో చూపించమన్నాడు. బాపు నవ్వి, “దేవులాడుకోమను సాబ్” అన్నాడు. ముసలాయన కోటు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు వెతికాడు. దొరకలేదు. లేచి బాపు చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసి, వాటిని తన నుదుటికి ఆనించుకున్నాడు. తర్వాత ఒక సన్నటి ఇనుప మొన తెప్పించి, తమ కంపెనీలో రేకు వంచినవాళ్లు లోపలివైపు తమ పేరు గీసుకునేవాళ్లని, బాపును కూడా గీయమని అడిగాడు.

బాపు ఆ మొనను చేతిలోకి తీసుకోలేదు. “పేరు రాస్తే దొరుకుతది గద సాబ్” అన్నాడు.

బస్సులో ఆర్మూరు దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. అంతమంది మధ్య మా బాపు పేరు ఉండాల్సింది. రేపు ఎవరికి తెలుస్తుంది? ఆ కోపం నాలో చాలా ఏళ్లు ఉండిపోయింది, ఆయన పోయిన తర్వాత ఇంకా పెరిగింది.

ఇప్పుడు మా షెడ్డు ఉన్న చోట మోటారు షోరూం ఉంది. డ్రమ్ములు కరెంటు మీద తిరుగుతున్నాయి, అవి ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై వస్తున్నాయి. కారుకు సొట్ట పడితే ఎవరూ తీయరు, రేకే మార్చేస్తారు. నాగపూర్ రోడ్డు ఊరి బయటినుంచి పోతున్నది, సత్తు గిన్నెలు ఏ వంటింట్లోనూ కనబడవు, చింతకర్ర సుత్తి అంటే ఏమిటో మా పిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సి వస్తున్నది.

అవ్వ నాతోనే నిజామాబాద్‌లో ఉంటుంది. పోయిన నెల ఆ సుత్తి చూసిన ప్రదర్శనంతా ఆమెను చెయ్యి పట్టుకుని తిప్పాను. చివరి గదిలో రంగులేని సత్తు కారు ఒకటి ఉంది. అదే బండో, దాని తోబుట్టువో తెలియదు, బోర్డు మీద వేరే ఎవరి పేరో ఉంది. ముట్టుకోవద్దని రాసి ఉన్నా అవ్వ తాడు కిందినుంచి దూరింది. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి “అమ్మమ్మా, ముట్టొద్దు” అంటూ వచ్చింది, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. అవ్వ ఎడమ చక్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ మెల్లగా తడిమింది. ఆ సొట్ట చుట్టూ ప్రతి బొట్టూ పెట్టిన చెయ్యి అది. ఎవరికి తెలియకపోయినా ఆమెకు తెలియాలి.

“దొరికిందా అవ్వా?” అన్నాను.

ఆమె కళ్లు తెరిచి నావైపు చూసింది. కళ్లనిండా నీళ్లు, మూతి నిండా నవ్వు.

“దొరికితె అది మీ బాపు పని ఎట్లైతది బిడ్డా?”