తాల్కా అంటే ఏమిటో చూసి వచ్చాం

ఈ ప్రయాణానికి కారణం ఒక పవర్‌పాయింట్ స్లైడ్. డల్లాస్ పక్క ప్లేనోలోని మా ఆఫీసులో మేనేజర్ ప్రసాద్ గారు సూర్యోదయం బొమ్మ మీద 'తల్కోత్' అని పెద్ద అక్షరాలతో చూపించారు. ఫిన్లాండ్ వాళ్ల మాటట. అందరూ కలిసి మనస్ఫూర్తిగా పనిచేయడమట. "మనమంతా ఒకే ఫ్యామిలీ కదండీ. ఇకనుంచి ప్రతి సాటర్‌డే తల్కోత్. వాలంటరీయే, కానీ ఎవరు సైన్ అప్ చేశారో నేను చూస్తాను," అన్నారు. జీతం లేని శనివారానికి ఎంత ముద్దు పేరో! నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? నా కాంట్రాక్ట్ రెన్యూ చేసేది ఆయనే, దాని మీదే మా వీసాలు. సోమవారంలోగా పేరు ఇవ్వాలి.

నా పక్క సీటు డైవా నాకంటే ఎక్కువ మండిపడింది. వాళ్లది లిథువేనియా నుంచి వచ్చిన కుటుంబం. "అది మా మాట, సుధా! మేం తాల్కా అంటాం, లాట్వియా వాళ్లూ అంతే. మా దగ్గర తీసుకునే ఫిన్నులు తల్కోత్ అన్నారు, ఎస్తోనియా వాళ్లు తల్గుద్ అన్నారు. ఈ వీకెండ్ మా పిన్ని ఇంట్లో తాల్కా ఉంది. వచ్చి చూడు," అంది.

శుక్రవారం సాయంత్రం మా ఆయన మురళిని లాక్కుని బయల్దేరాను. డల్లాస్ నుంచి మినియాపొలిస్, అక్కడ ఫ్లైట్ మారి ఉత్తరాన చలి ఊరు డులూత్. ఈ దారిన వెళ్లేవాళ్లు తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. మమ్మల్ని పులిహోర కాపాడింది. పక్క సీటు పెద్దావిడ, "అక్టోబర్‌లో డులూతా? ఎవరైనా పోయారా?" అని పరామర్శించింది. మోటెల్లో హీటర్ గోలకి నాకు కునుకు లేదు, మురళి మాత్రం హాయిగా గుర్రుపెట్టాడు.

ఉదయం ఎనిమిదింటికి అద్దె కారులో బయల్దేరి గంట డ్రైవ్ చేశాం. డైవా పిన్ని బిరూటె గారి సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, మీద చెట్టు పడి కప్పు విరిగింది. మంచు కురిసేలోగా కొత్తది వేయాలి. ముందే వచ్చిన డైవాతో కలిపి అప్పటికే పదిమంది చేరి సుత్తులతో హడావిడిగా ఉన్నారు. మేమూ చెక్కలు మోశాం.

కప్పు మీద పొరుగింటి ఆర్వో ఉన్నాడు, ఫిన్నుల మనవడు. "తల్కోత్ మా మాట," అన్నాడు.

కింద నుంచి బిరూటె గారు ఊరుకుంటుందా? "మా కిర్విస్ ఎత్తుకుపోయి గొడ్డలిని కిర్వెస్ అన్నారు. మా తిల్తాస్ ఎత్తుకుపోయి వంతెనని సిల్తా అన్నారు. ఇక తాల్కాని వదుల్తారా?"

"తీసుకుంటే తీసుకున్నాం, వాడుతున్నాంగా!" అంటూ ఇంకో మేకు దిగ్గొట్టాడు. మా ఆఫీసులో వాదన మొదలైతే పని ఆగిపోతుంది. ఇక్కడ రెండూ నడిచాయి.

రెండింటికి భోజనాలు. పొగలు కక్కే బంగాళాదుంప రొట్టె, పుల్లటి మీగడ, రై బ్రెడ్. నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. బిరూటె గారు ప్లేటు చాపగానే మా ఆయన మొహమాటం ఇంగ్లీషులో పొంగింది. "నో నో, వుయ్ ఆర్ ఫుల్!" మన ఇళ్లలో అయితే వద్దన్నకొద్దీ వడ్డిస్తారు. ఆవిడ ప్లేటు వెనక్కి తీసుకుంది, అంతే. మొహం చిన్నబుచ్చుకుని లోపలికెళ్లి, మడిచిన డాలర్లు తెచ్చి మురళి చేతిలో పెట్టింది.

డైవా గబగబా వచ్చింది. "తినకపోతే అది తాల్కా కాదు, కూలి. అందుకే డబ్బులిస్తోంది. తిన్నవాళ్లింటికి రేపు తనూ పనికి వెళ్తుంది. తిండి వద్దని ఊరికే పనిచేస్తే మీరు ఆవిడకి ధర్మం చేసినట్టు!"

నాకు తల కొట్టేసినట్టయింది. మురళి చేతిలోంచి డబ్బు లాక్కుని ఆవిడకి తిరిగిచ్చేసి, "అబద్ధమండీ, ఆకలితో చస్తున్నాం, పెట్టండి," అన్నాను. ఆవిడ పకపకా నవ్వి మా ఇద్దరికీ రెండేసి ముక్కలు వేసింది. వచ్చే వారం తన బోట్ షెడ్‌కి అందరూ రావాలని ఆర్వో చెప్పాడు. "వంట నువ్వు చేయనంటేనే వస్తా," అంది బిరూటె గారు. సాయంత్రానికి కప్పు పూర్తయింది.

ఆదివారం తిరుగు ప్రయాణం. మినియాపొలిస్ గేటు దగ్గర కూర్చుంటే ప్రసాద్ గారి రిమైండర్ టీమ్ అందరికీ వచ్చింది, చేతులు జోడించిన బొమ్మతో సహా. నేనూ అందరికీ రిప్లై కొట్టాను: "ప్రసాద్ గారూ, తాల్కా చూసి వచ్చాను. పనికి పిలిచినవాళ్లు తమ ఇంట్లో వండి పెడతారు, తర్వాత వాళ్లే మన ఇంటికి పనికొస్తారు. శనివారం మీ ఇంట్లో వంటేమిటండీ? ఆ పై శనివారం మా పడిపోయిన ఫెన్స్ నిలబెట్టడానికి మీరు ఎన్నింటికి వస్తారు?"

"సుధా, వీసా..." అన్నాడు మురళి. భయం నాకూ లేకపోలేదు. అయినా పంపేశాను.

డల్లాస్‌లో దిగి ఫోన్ ఆన్ చేశాను. ప్రసాద్ గారు ఒక్క వాక్యం రాశారు: పేరు మారుస్తున్నాం, శనివారం రావడం ఎవరిష్టం వాళ్లది, ఎవరూ లెక్క చూడరు. దాని కింద మా టీమ్‌లో చిన్నవాడు కిరణ్ మెసేజ్: "అక్కా, ఫెన్స్‌కి ఏ టైమ్‌కి రావాలి? నా గరాజ్ డోర్ కూడా పాడైంది. భోజనం ఏంటి?" ఆ కింద ఇంకో నలుగురు తామూ వస్తామన్నారు.

పప్పుచారు, వంకాయ కూర, వడియాలు అని రాశాను. వద్దన్నవాళ్లని రెండోసారి అడగనని కూడా రాశాను.