అరమార్కమ్మగారూ, నా దుప్పటీ

ఆ రోజుల్లో నర్సు కావాలంటే జబ్బుల సంగతి తర్వాత, ముందు దుప్పటి పరవడం రావాలి. నేను డెబ్భైల్లో బెజవాడలో నర్సింగు చదివాను (ఏ ఆసుపత్రో ఇప్పుడెందుకు లెండి). తెల్లవారుతూనే వార్డులో డ్యూటీ, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం మళ్లీ వార్డు. కాళ్లు ఈడ్చుకుంటూ హాస్టలుకొచ్చి పడుకుంటే కలలో కూడా దుప్పట్లే పరిచేవాళ్లం. ఇంత చేసినా మా ట్యూటర్‌గారి చేతిలోంచి మార్కులు మాత్రం రాలేవి కావు. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు అరమార్కమ్మ. జడపిన్ను పైకి కనిపిస్తే అరమార్కు కోత, బూటుకి మరకుంటే అరమార్కు, దిండు గలీబు మూతి తలుపు వైపుంటే అరమార్కు. (తలుపు వైపుంటే ఏమవుతుందండీ అని అడిగినందుకు నా పక్కమంచం అమ్మాయికి ఇంకో అరమార్కు పోయింది.)

మొదటి ఏడాది పరీక్షలు పాసైతేనే తలకి తెల్ల క్యాపు పెట్టేవారు. లేకపోతే జూనియర్లతో కలిసి మళ్లీ మొదట్నుంచీ చదవాలి. రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చే ప్రాక్టికల్లో నేను అప్పటికే ఒకసారి తప్పాను, నడిమధ్యన ముడత ఉందని. ఇది రెండోసారి, ఆఖరిసారి కూడా. అక్కడ పామర్రులో మా అమ్మ, మా పిల్ల క్యాపుతో ఫోటో పంపుతుందని చర్చిలో అందరికీ చెప్పేసుకుని, గోడకి మేకు కూడా కొట్టించింది. ఆ మేకు తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

పరీక్షకి నా వంతున వచ్చింది చేపల మామ్మ మంచం. కొల్లేరు చేపలు అమ్ముకునే మనిషి. కడుపు ఆపరేషనై, కుట్లు విప్పేసి, రేపో మాపో ఇంటికెళ్లబోతోంది. నా వాలకం చూసి, "ఏవే పిల్లా, మొగం అట్టా వేలాడేశావేంటి?" అంది. ముడత పడితే తప్పుతానని చెప్పాను. "ఓస్, ఇంతేనా! నేను కదిల్తేగా ముడత పడేది. నువ్వు బయపడమాకు" అని అభయమిచ్చింది.

దుప్పటి మార్చడం అయింది. అరమార్కమ్మగారు వచ్చి మంచం చుట్టూ తిరిగారు, వంగి చూశారు, అరచేత్తో నిమిరారు. ముడత లేదు. ఆవిడ పెన్సిలు ఎక్కడ కొయ్యాలో తోచక ఆగిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు రోగి వైపు తిరిగి, "మామ్మగారూ, సౌకర్యంగా ఉందాండీ?" అన్నారు. మామ్మ కర్రలా బిగుసుకుని, బుగ్గలు పూరించి, పైకప్పు వైపు చూస్తోంది. "నొప్పిగా ఉందా?" ఉలుకూ పలుకూ లేదు. ట్యూటర్‌గారు కంగారుగా నాడి పట్టుకున్నారు. మామ్మ పెదవి చివర్నుంచి, "పలకరించమాకండి, దుప్పటి నలుగుద్ది" అంది.

"దుప్పటి కోసం మనిషిని శవంలా పడుకోబెట్టావా? రోగి సౌకర్యానికి ఒక్క మార్కు కూడా వెయ్యను" అన్నారు ట్యూటర్‌గారు నాతో. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. గోడ, ఉత్త మేకు కనిపించాయి.

మామ్మకి రోషం వచ్చేసింది. "ఎవరికండీ సుకం లేంది? ఇదిగో చూడండి!" అంటూ ఈ పక్కకి దొర్లింది, ఆ పక్కకి దొర్లింది, మోకాళ్లు ముడిచింది, వీపు గోక్కుంది, పెద్దగా ఆవులించింది. "మా ఇంట్లో కూడా నాకింత సుకం లేదండీ. ఏస్తారా, ఎయ్యరా?"

ట్యూటర్‌గారు కాసేపు కిటికీ వైపు తిరిగి దగ్గారు. (అది దగ్గు కాదని మాకు తర్వాత అర్థమైంది.) సౌకర్యం మార్కులన్నీ వేశారు. వేసి, నలిగిపోయిన దుప్పటి చూసి, అరమార్కు కోశారు. ఏమైతేనేం, గట్టెక్కాను. మేకుకి ఫోటో ఎక్కింది.

మొన్నామధ్య నాకు మోకాలి ఆపరేషనైంది. ఓ రోజు పొద్దున్నే ఒక నర్సింగు పిల్ల దుప్పటి పట్టుకుని వచ్చింది. దాని మడత విప్పింది, మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది. "పరీక్షా?" అన్నాను. తలూపింది. దుప్పటి మార్చడం అయ్యేసరికి వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. "పిల్లా, గలీబు మూతి తలుపు వైపుంది, తిప్పు" అన్నాను గబగబా. వాళ్ల మేడమ్ వచ్చి ఎలా ఉందమ్మా అంటే, ఒళ్లు కదలకుండా, నోటి నిండా నవ్వి, "హాయిగా ఉందండీ" అన్నాను. మోకాలు మాత్రం ప్రాణం తీస్తోంది.

వాళ్లు వెళ్లిపోయాక పక్కకి తిరగొచ్చు. ఎవరూ ఏమీ అనరు. అయినా మధ్యాహ్నం భోజనం వచ్చేదాకా నేను అలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాను, దుప్పటి నలిగిపోతుందని.