తెరచాప తాడు బిగించమన్న మామ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో తాడుంటే ఎద్దును కట్టేసేవాళ్ళు, బావిలో చేద వేసేవాళ్ళు, మంచం అల్లేవాళ్ళు. దానితో గాలిని పట్టవచ్చని ఎవరికీ తెలియదు. కంభం చెరువు మా ఊరి ముంగిట్లోనే ఉన్నా, అవతలి గట్టుకు పోవాలంటే తెడ్డు వేసుకుంటూ చేతులు పడిపోయేలా పోవాల్సిందే. అలాంటి ఊళ్ళో పడవకు తెరచాప కట్టినవాడు మా మామ, మా అమ్మకు తమ్ముడు. పెళ్ళి కాకముందు కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున పడవల్లో కూలి పని చేసి వచ్చాడు. వచ్చాక మా పెదనాయన పొలం కౌలుకు చేసుకుంటూ మా పక్కింట్లోనే ఉండేవాడు.

పడవ పెదనాయనదే. చాప మాత్రం నేనూ మామా కలిసి యూరియా సంచులు విప్పి దబ్బనంతో కుట్టింది. పడవ మధ్యలో ఒక నిలువు కర్ర, చాప కింది అంచు వెంబడి అడ్డంగా ఒక వెదురు బొంగు. చాప మూలను ఆ బొంగు చివరన ముడివేసేవాళ్ళం. చిక్కల్లా అక్కడే వచ్చింది. గాలి మారినప్పుడల్లా ఆ ముడి విప్పి మళ్ళీ కట్టాలి, బొంగు చివరేమో నీళ్ళ మీదకు ఉంటుంది. మామ దాన్ని అందుకోబోయి ఎన్నిసార్లు చెరువులో పడ్డాడో. నేను నవ్వితే మొదట కసురుకునేవాడు, తర్వాత తనూ నవ్వేవాడు.

ఒకరోజు ఎద్దు మెడపట్టెడకు ఉండే ఇనుప రింగు ఒకటి పట్టుకొచ్చాడు. "చేద బావిలో ఉన్నా తాడు మన చేతిలోనే ఉంటాది గదా పాపా, ఇది గూడా అట్లే" అన్నాడు. రింగును బొంగు చివర గట్టిగా కట్టి, చాప మూల నుంచి తాడును అందులో దూర్చి, బొంగు వెంబడే వెనక్కి తెచ్చి, నేను కూర్చునే చోట ఒక పంగలకొయ్యకు చుట్టాడు. మూల పైకి లేవకుండా బొంగు చుట్టూ వదులుగా ఒక ఉచ్చు వేసి, అది జారడానికి ఆముదం రాశాడు. ఇక కూర్చున్న చోటు నుంచి కదలకుండానే తాడు లాగితే చాప పలకలా బిగుసుకునేది, వదిలితే కడుపు నింపుకుని ఉబ్బేది.

"గాలి తక్కువుంటే వదులు చెయ్యి, పెద్ద గాలి తగిలితే బిగించాల" అని నేర్పాడు. నాకది తలకిందుల లెక్కలా అనిపించేది. భయం వేసినప్పుడు చెయ్యి వదిలేయాలనే చూస్తుంది. కానీ పెద్ద గాలిలో చాప ఉబ్బితే పడవ పక్కకు ఒరిగిపోతుంది, బిగిస్తేనే నిలబడుతుంది. ఆ చలికాలమంతా అదే నా చదువు. అరచేతులు బొబ్బలెక్కితే, మిరపకాయలు దంచానని అమ్మకు అబద్ధం చెప్పేదాన్ని. చెరువు నడుమ, చుట్టూ ఎవరూ లేనిచోట, మామ అనేవాడు, "నీ చెయ్యి నాకంటే మేలు పాపా. సంత రోజు తాడు నీదే." ఆ ఒక్క మాట మీద నేను అన్నం కూడా మరిచిపోయి బతికాను.

సంత రోజు రానే వచ్చింది. పెదనాయన వేరుశనగ బస్తాలు పడవలో అవతలి గట్టుకు చేర్చాలి. చాప పడవను చూడడానికి ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. నేను అందరికంటే ముందే వెళ్ళి నా చోట కూర్చున్నాను. పెదనాయన నన్ను చూసి, "ఆడపిల్ల చాప పట్టేదేంది? నలుగురు చూస్తే నవ్వరా? మావాణ్ణి కూచోబెట్టు" అన్నాడు. నేను మామ మొహంలోకి చూశాను. ఒక్క మాట చాలు, నేర్చుకున్నది ఈ పిల్లేనని ఒక్క మాట. మామ నావైపు చూడకుండా, "అది ఊరికే కూచున్నాది బావా. దిగు పాపా" అన్నాడు.

దిగాను. నా చోట పెదనాయన కొడుకు, మా అన్న, కూర్చున్నాడు. వాడు అంతకుముందు ఆ తాడును ముట్టుకుని ఎరుగడు. మామ వెనక చుక్కాని పట్టుకున్నాడు. పడవ సగం దూరం పోయేసరికి కొండల మీదుగా గాలి తగిలింది. "బిగించురా! బిగించు!" అని మామ అరుపు గట్టు దాకా వినిపించింది. అన్న భయపడి ఏం చేస్తాడు? అందరూ చేసేదే చేశాడు. కొయ్య మీది తాడు విప్పేశాడు. చాప ఒక్కసారిగా ఉబ్బింది, పడవ పక్కకు పడింది, బస్తాలన్నీ నీళ్ళపాలయ్యాయి. గట్టు నుంచి ఎదురెళ్ళిన తెడ్ల పడవ పట్టుకుని ఇద్దరూ ఒడ్డుకు చేరారు, ప్రాణాలకేమీ కాలేదు.

పెదనాయన ఊగిపోతున్నాడు. "ఎట్ల జరిగిందిది?" అని గర్జించాడు. అన్న మామ వెనక నక్కాడు. మామ బట్టలు పిండుకుంటూ, "నిన్న పాప తాడు ముట్టుకున్నాది బావా. ముడి సరిగ్గా ఎయ్యలేదు" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత అప్పటికి నాకు తెలుసు. ఆ మద్దెల నేనే అవుతానని మాత్రం తెలియదు. నేను కాదని ఎంత అరిచినా వినేవాళ్ళేరి? నాయన అందరి ముందూ నన్ను కొట్టాడు. "ఇంకోసారి గట్టు తొక్కితే కాళ్ళిరుగుతాయి" అంది అమ్మ. అంతే, ఆ రోజుతో నా చెరువు అయిపోయింది.

సాయంత్రం మామ బెల్లం ముక్క తీసుకుని మా పెరట్లోకి వచ్చాడు. నా తల నిమురుతూ, "తప్పు నీది కాదని నాకు తెలుసులే పాపా" అన్నాడు.

"అయితే రేపు పెదనాయన ముందర చెప్పు మామా" అన్నాను.

"నీకు తెల్దు. పెద్దయినాక తెలుస్తాది" అని, బెల్లం గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని చీమలు తిన్నాయి.

పెద్దయ్యాక తెలిసింది. కొడుకు తప్పని చెబితే పెదనాయన కౌలు పొలం లాక్కునేవాడు. మామకు ముగ్గురు బిడ్డలు. అంతా అర్థమైంది. అర్థమైతే కోపం పోవాలని ఎవరు చెప్పారు? నాకు పోలేదు.

ఈమధ్యనే మామ పోయాడు. ఇప్పుడు నేనుండే మార్కాపురం నుంచి వెళ్ళాను. అరుగు మీద ముసలివాళ్ళు ఆయన గొప్పలు తలుచుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన, "చాప పడవ బాగానే నడిపినాడు, ఎవరో ఆడపిల్ల తాడు చెడగొట్టింది గానీ" అన్నాడు. ఇన్నేళ్ళకు నా పేరు కూడా పోయింది, నింద మాత్రం నిలిచి ఉంది.

"ఆ పిల్లను నేనే. ఆ రోజు తాడు నా చేతిలో లేదు" అన్నాను.

గడపలో కూర్చున్న ఒకామె, "పోయినోళ్ళ మీద ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు" అంది మెల్లగా.

మా కోడలు మంచి పిల్ల. అప్పుడప్పుడు వంటింట్లో నా పక్కకు చేరి, "మీరు లేకపోతే ఈ ఇల్లు నడవదత్తా" అంటుంది. నేను నవ్వి, "అందరూ కూచున్నప్పుడు అనమ్మా" అంటాను. తమాషాకు అంటున్నాననుకుంటుంది. చాటుగా నన్ను మెచ్చుకునేవాళ్ళెవరినీ ఆ రోజు నుంచి నేను నమ్మలేదు. వాళ్ళలో నిజంగా ప్రేమించినవాళ్ళూ ఉండే ఉంటారు.