చుట్టానికో బిందె

నా చిన్నప్పుడు కొన్నాళ్ళు నేను మా ఇంట్లోనే చుట్టంగా ఉన్నాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఉరవకొండ దగ్గర మా చేను వానల్లేక ఎండిపోయింది. వేసిన శనక్కాయ విత్తనం కూడా తిరిగి రాకపోయేసరికి నాయన అనంతపురంలో ఒక నూనె మిల్లులో పనికి కుదిరాడు. ఊరి చివర చేలన్నీ ప్లాట్లుగా మారుతున్న పేటలో, ఒక ముసలామె తన మిద్దె ఇంటి పెరట్లో ఒక్క గది బాడుగకు ఇస్తుందని తెలిసి అందరం వెళ్ళాం. వంట, పడక, దేవుడి పటం, బట్టల పెట్టె అన్నీ అందులోనే. ఇప్పుడు అలాంటిదాన్నే స్టూడియో ఫ్లాట్ అంటున్నారు. మేము గది అనేవాళ్ళం.

మా వైపు అవ్వను జేజి అంటారు, ఆమెను మిద్దె జేజి అని పిలిచేవాళ్ళం. జేజి పెట్టిన షరతు ఒక్కటే.

"నలుగురికి మించితే ఇయ్యనప్పా. నీళ్ళు యాడుండాయి?"

మేము ఐదుగురం. నాయన అన్ననీ తమ్ముడినీ చూపించి తన పిల్లలన్నాడు, నన్ను చూపించి, "ఇది మా చెల్లెలి బిడ్డ, చుట్టంగా వచ్చినాది" అన్నాడు. ఆ యోగం నాకే ఎందుకు పట్టిందో ఆయన్ని ఎప్పటికీ అడగలేకపోయాను.

అప్పటినుంచి జేజి వినేలా నాయనను మామా అనాలి, అమ్మను అత్తా అనాలి. మామా అనడం త్వరగానే అలవాటైంది. అత్తా అనాల్సి వచ్చినప్పుడల్లా మాత్రం పిలవకుండా దగ్గరికి పోయి కొంగు లాగేదాన్ని.

జేజి వాకిట్లోని కొళాయికి రోజు మార్చి రోజు నీళ్ళు వచ్చేవి. మనిషికో బిందె చొప్పున జేజే వరుసగా పెట్టించేది. చుట్టానికి బిందె లేదు. గదిలో నీళ్ళు తాగితే ఎవరి వాటానో తాగేస్తున్నట్టు ఉండేది. అందుకని బడి తొట్టి దగ్గరే కడుపు నిండా తాగి వచ్చేదాన్ని. బడికి పోయే చుట్టాన్ని ఎక్కడైనా చూశారా? జేజి మాత్రం ఏమీ అడగలేదు.

ఎండలు ముదిరాయి, బడికి సెలవులిచ్చారు. ఒక మధ్యాహ్నం జేజి తన కడవలోంచి చెంబుతో నీళ్ళిస్తే ఊపిరి తీసుకోకుండా తాగేశాను. ఇంకో చెంబు ఇచ్చింది. అదీ తాగాను.

"ఇంట్లో తాగవామ్మే?" అంది.

"ఆ నీళ్ళు వాళ్ళవి జేజీ" అన్నాను.

మరుసటి రోజు నీళ్ళొచ్చే వేళకు మా బిందెల పక్కన జేజి సొంత ఇత్తడి బిందె ఉంది. ఆమె బిందెల వరుసలో ఒకటి తగ్గింది. అబద్ధం బయటపడిందని అమ్మకు అర్థమైంది. ఈ గది పోతే ఇంతమందికి ఇంకెవరిస్తారు? ఊరికి తిరిగి పోయినా తినడానికి అక్కడేముంది? నిజం చెప్పేద్దామని చేతులు జోడించింది. జేజి నోరు తెరవనివ్వలేదు.

"నీ మొగుడు చెప్పింది నాకు గ్యాపకముండాది. నలుగురూ, ఒక చుట్టమూ. చుట్టానికి బిందె పెట్టకపోతిని, అది నా తప్పే. ఆ పాప ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఈ బిందె ఈడే ఉంటాది."

తరువాత నావైపు తిరిగింది.

"ఇంగో మాటమ్మే. నువ్వు ఆయమ్మను ఏమని పిల్చుకున్నా నాకు ఇనపడదు. నాకు చెవుడు."

వీధి మలుపులో పాలవాడి సైకిలు గంట మోగితే గిన్నె పట్టుకుని లేచే మనిషి ఆమె.

ఆ సాయంత్రం ఏ పనీ లేకపోయినా అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉన్నాను. అమ్మ విసుక్కోకుండా పిలిచినప్పుడల్లా పలికింది. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని నాకు తెలుసు. జేజి ఆయన్ని అబద్ధాలకోరును చేయకుండానే నన్ను నా తల్లికి తిరిగి ఇచ్చింది. అంత మర్యాదగా సాయం చేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆ పేటలో మిద్దెలు లేవు, ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. వాటి మధ్య ఇరుక్కున్న నా ఇంటి మేడ మీద కూడా ఒక గది ఉంది. ఈమధ్యే ఒక జంట బాడుగకు దిగారు. పిల్లలు లేరని బ్రోకరు ముందే చెప్పాడు, నేను అడగకపోయినా. మొన్న మధ్యాహ్నం పైనుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. కాసేపటికి ఆ అమ్మాయి గబగబా దిగి వచ్చి, "మా అక్క బిడ్డమ్మా, రెండు దినాల్లో పోతాది. ఏడ్చి మీ నిద్ర చెడగొట్టిందేమో" అంది. ముఖమంతా భయం.

"ఏడ్చిందా? నాకు సరిగా ఇనపడదు తల్లీ" అన్నాను. బిడ్డ స్నానానికని ఒక బక్కెట్టు నీళ్ళు ఆమె చేతికిచ్చి పంపాను.

డాక్టరేమో నా చెవులు బాగున్నాయనే అంటాడు. ఆయనకేం తెలుసు. ఈ చెవుడు నాకు మిద్దె జేజి ఇచ్చి పోయింది.